వదిలేసిన మ్యాచ్: అండర్-13 ఫుట్‌బాల్ జట్టుతో నా అనుభవం, ఒక కేస్ స్టడీ

గుంటూరులో పన్నెండేళ్ళుగా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాను. పగలు స్కూల్లో పీఈటీ ఉద్యోగం, సాయంత్రం ఐదున్నర నుంచి కోచింగ్. ఈ కేసు మా అండర్-13 జట్టుది. కిందటి జనవరిలో విజయవాడలో జరిగిన రెండు రోజుల టోర్నమెంట్‌లో మా పిల్లలు గ్రూప్ ఆఖరి మ్యాచ్‌ను కావాలని వదిలేశారు. నేను మైదానం గీత పక్కనే నిలబడి ఉన్నాను. ఓడిపొమ్మని నేను ఎవరికీ చెప్పలేదు. అయినా ఆ ఓటమిలో నా మాటల వాటా చాలా ఉందని మర్నాడు పిల్లలు చెప్తేగానీ నాకు తెలియలేదు. చిన్న పిల్లలకు ఆట నేర్పే తోటి కోచ్‌లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పిల్లల పేర్లు, జట్ల పేర్లు, నిర్వాహకుల పేర్లు రాయడం లేదు.

లెక్క ఎలా కుదిరింది

జట్టుకు ఏడుగురు. సగానికి పదిహేను నిమిషాల చొప్పున అరగంట ఆట. ఎనిమిది జట్లు, రెండు గ్రూపులు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. పాయింట్లు సమానమైతే గోల్ డిఫరెన్స్ (కొట్టిన గోల్స్‌కీ తిన్న గోల్స్‌కీ తేడా), అదీ సమానమైతే ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టు ముందుంటుంది. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లు సెమీస్‌కి వెళ్తాయి. ఒక గ్రూపులో ఫస్ట్ వచ్చినవాళ్ళు రెండో గ్రూపులో సెకండ్ వచ్చినవాళ్ళతో ఆడాలి. మన దగ్గర చాలా టోర్నీలు ఇలాగే నడుస్తాయి.

మా గ్రూపులో మాతో పాటు విజయవాడ స్కూల్ జట్టు ఒకటి, తెనాలి వైపు పల్లె నుంచి వచ్చిన జిల్లా పరిషత్ హైస్కూల్ జట్టు ఒకటి, కొత్తగా పెట్టిన అకాడమీ జట్టు ఒకటి ఉన్నాయి. ఆ అకాడమీ పిల్లల్లో సగం మందికి పదేళ్ళు కూడా నిండినట్టు లేవు.

శనివారం మేము అకాడమీ జట్టు మీద 7–0తో గెలిచాం. పల్లె జట్టు మీద 2–1తో చచ్చీచెడీ గెలిచాం. పల్లె జట్టు, విజయవాడ స్కూల్ జట్టు 1–1తో డ్రా చేసుకున్నాయి. విజయవాడ వాళ్ళు అకాడమీని 3–0తో ఓడించారు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పల్లె జట్టు కూడా అకాడమీ మీద 3–0తో గెలిచింది. ఇక మిగిలింది మాకూ విజయవాడ స్కూల్‌కూ మధ్య తొమ్మిదిన్నర మ్యాచ్ ఒక్కటే.

మాకు 6 పాయింట్లు. ఏం జరిగినా సెమీస్ ఖాయం. విజయవాడ వాళ్ళకు 4 పాయింట్లు, గోల్ డిఫరెన్స్ +3. పల్లె జట్టుకు కూడా 4 పాయింట్లు, గోల్ డిఫరెన్స్ +2. వాళ్ళ మ్యాచ్‌లన్నీ అయిపోయాయి. మేము 1–0తో గెలిచినా రెండు జట్ల తేడా సమానమై, ఎక్కువ గోల్స్ కొట్టినందుకు పల్లె జట్టే సెమీస్‌కి వెళ్ళేది. మేము డ్రా చేసుకున్నా, ఓడినా వాళ్ళు ఇంటికి వెళ్ళాలి.

సరిగ్గా ఆ సమయంలోనే రెండో గ్రూపులో ఎవరూ అనుకోనిది జరిగింది. అందరూ భయపడే జట్టు ఒకటుంది. ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లలు, ముందు ఏడాది కప్పు కొట్టినవాళ్ళు. ఆఖరి నిమిషంలో గోల్ తిని వాళ్ళు గ్రూపులో సెకండ్‌కి పడిపోయారు. అంటే మా గ్రూపులో ఫస్ట్ వచ్చినవాళ్ళకు సెమీస్‌లో వాళ్ళే తగులుతారు. సెకండ్ వస్తే కాస్త తేలికైన జట్టు.

ఈ లెక్క వెయ్యడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఏడో తరగతి పిల్లాడికి ఐదు నిమిషాలు చాలు.

ఆ అరగంట

మొదటి ఐదు నిమిషాలు నాకేమీ తెలియలేదు. మా వాళ్ళు కాస్త మందకొడిగా ఉన్నారనిపించింది. ముందు రోజు రెండు మ్యాచ్‌లు ఆడారు, రాత్రి గుంటూరు చేరేసరికి పదయింది, మళ్ళీ తెల్లవారుజామున ఐదున్నరకే వ్యాన్ ఎక్కారు. అలసటేమో అనుకుని మా వింగర్‌ని బయటికి పిలిచి ఓఆర్ఎస్ తాగించాను. వాడు రెండు గుక్కలు తాగి, "నాకేం కాలేదు సార్" అన్నాడు. నా కళ్ళలోకి చూడకుండా అన్నాడు.

అలసిన పిల్లాడికీ వదిలేసిన పిల్లాడికీ తేడా నాకు ఆ రోజే కనిపించింది. అలసినవాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంటాడు, నేల వైపో నీళ్ళ సీసా వైపో చూస్తాడు. బంతి దగ్గరికి వస్తే మాత్రం ఆగలేడు, ఆలస్యంగానైనా కాలు పెడతాడు. మా వాళ్ళు బంతి వైపు చూడటం లేదు. ఒకరినొకరు చూసుకుంటున్నారు. కుడి వైపు గ్రౌండ్ అంతా ఖాళీగా ఉన్నా వెనక్కే పాస్ ఇస్తున్నారు. త్రో-ఇన్‌కి, అంటే గీత దాటిన బంతిని చేత్తో లోపలికి వెయ్యడానికి, బంతి అందుకుని, తుడిచి, అటూ ఇటూ మారి, మళ్ళీ తుడుస్తున్నారు. అవతలివాడు డ్రిబుల్ చేసుకుంటూ వస్తే మా డిఫెండర్ పక్కనే పరుగెత్తుతున్నాడు, కాలు మాత్రం పెట్టడం లేదు. చూసేవాళ్ళకు పరుగు కనిపిస్తుంది, అందులో పని మాత్రం ఉండదు.

ఒక్కడే నిజంగా ఆడుతున్నాడు, మా గోల్‌కీపర్. సగం ఆట అయ్యేసరికి మూడు షాట్లు ఆపాడు. మూడోది ఎడమ పక్కకి పూర్తిగా దూకి వేలి కొసలతో పక్కకు తోశాడు. ఆ వయసులో అలాంటి సేవ్ చూడటం నాకూ అరుదే. మామూలుగా అయితే జట్టంతా వాడి మీద పడాలి. ఎవరూ దగ్గరికి రాలేదు. మా సెంటర్ డిఫెండర్ వాడి దగ్గరికెళ్ళి ఏదో గొణిగాడు. కీపర్ అయోమయంగా నా వైపు చూశాడు.

గ్యాలరీ మెట్ల మీద పల్లె జట్టు పిల్లలు కూర్చుని ఉన్నారు. మొదట్లో మా పాస్‌లకు చప్పట్లు కొట్టారు, మేం గెలవాలి కదా వాళ్ళకి. పదో నిమిషానికి చప్పట్లు ఆగిపోయాయి. రెండో సగం మొదలైన కాసేపటికి వాళ్ళలో ఒకడు లేచి నిలబడి, "తొండి! తొండి ఆడుతున్నార్రోయ్!" అని అరిచాడు. మిగతావాళ్ళూ అందుకున్నారు. వాళ్ళ పీఈటీ సార్ చెయ్యెత్తి వాళ్ళను కూర్చోబెట్టాడు. ఆయన మాత్రం నా వైపే చూస్తూ ఉన్నాడు.

హాఫ్ టైమ్‌లో నేను గట్టిగా అడిగాను: "ఏరా, ఏమైంది? పరుగెత్తండి!" ఆ ఒక్క మాటతో సరిపెట్టాను. నాకప్పటికే అనుమానం వచ్చింది. అనుమానం వచ్చిన మనిషి పిల్లల్ని కూర్చోబెట్టి సూటిగా అడగాలి, అవసరమైతే బెంచ్ మీద ఉన్న ముగ్గురినీ దింపాలి. నేను ఆ పని చెయ్యలేదు. ఆ రెండు నిమిషాల్లో నా తలలోనూ సెమీఫైనల్ లెక్క తిరుగుతూ ఉంది. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది, కానీ రాయకపోతే ఈ కేసుకు అర్థం లేదు.

ఇరవై ఏడో నిమిషంలో మా డిఫెండర్ తన కాళ్ళ దగ్గరికొచ్చిన బంతిని వదిలేశాడు. వెనక నుంచి విజయవాడ పిల్లాడు వచ్చి కీపర్ ఒక్కడే ఉండగా కొట్టాడు. 0–1. ఆట అలాగే ముగిసింది.

రిఫరీ కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడట. రెండు సార్లు త్రో-ఇన్ త్వరగా వెయ్యమని హెచ్చరించాడు. అంతకు మించి అతను చెయ్యగలిగింది తక్కువ. ఆట మళ్ళీ మొదలుకాకుండా ఆలస్యం చేస్తే పసుపు కార్డు ఇవ్వొచ్చు. ఆటను అగౌరవపరిచేలా ప్రవర్తించినా ఇవ్వొచ్చు. కానీ వెనక్కి పాస్ ఇచ్చినవాడికి, కాలు పెట్టనివాడికి కార్డు ఎలా ఇస్తాడు? మనసులో ఏముందో అతనికి ఎలా తెలుస్తుంది?

ఆ తర్వాత సంగతి త్వరగా చెప్తాను. సెమీస్‌లో తేలిక జట్టు మీద 2–0తో గెలిచాం. ఫైనల్లో మేము తప్పించుకున్న జట్టే వచ్చింది, 0–3తో ఓడాం. రన్నరప్ కప్పుతో గుంటూరు వచ్చాం. లెక్క ఫలించింది. నా పని కష్టమైంది అందుకే. ఓడిపోయి ఉంటే పిల్లలు తమంతట తామే తప్పు చేశామనుకునేవారు. కప్పు చేతిలో ఉండగా వాళ్ళకు ఏమని చెప్పాలి?

వారధి దాటుతుంటే వ్యాన్‌లో అందరూ పాటలు పాడుతున్నారు. కీపర్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మంగళగిరి దగ్గర టీకి ఆపినప్పుడు నా పక్కకొచ్చి, "నేను ఆపడం తప్పా సార్?" అని అడిగాడు.

ఎవరు చెప్పారు?

సోమవారం ప్రాక్టీస్ పెట్టలేదు. పిల్లల్ని ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మాట్లాడాను. అందరినీ ఒకేసారి నిలబెట్టి "ఎవడు చేశాడ్రా?" అని అడిగితే ఒకడు ఇరుక్కుంటాడు, మిగతావాళ్ళు తప్పించుకుంటారు. నాకు దోషి అక్కర్లేదు. ఆ ఆలోచన ఏ దారిలో వాళ్ళ బుర్రల్లోకి వచ్చిందో తెలియాలి.

వచ్చిన దారులు మూడు.

మొదటిది, ఒక తండ్రి. ఇడ్లీ తింటున్నప్పుడు ఫోన్‌లో లెక్క వేసి, తన కొడుకుతో "ఓడితేనే మంచిదిరా" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. ప్రతి ఆదివారం పిల్లలకు అరటిపళ్ళు, గ్లూకోజ్ తెచ్చేది ఆయనే.

రెండోది, నేను. టెంట్‌కి అంటించిన పట్టిక ముందు నిలబడి మా అసిస్టెంట్‌తో, "ఫస్ట్ వస్తే సెమీస్‌లో వాళ్ళే తగులుతారు, అదొక్కటే టెన్షన్" అన్నానట. నాకు గుర్తు కూడా లేదు. నలుగురు పిల్లలు విడివిడిగా అదే మాట చెప్పారు. నేను నాలో నేను అనుకున్నట్టే అన్నాను. వాళ్ళకు అది సార్ కోరికలా వినిపించింది. సూటిగా చెప్పలేక సార్ అలా అన్నారేమో అనుకున్నారు.

మూడోది విన్నప్పుడు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. మా కెప్టెన్ అన్నాడు: "మొన్న మీరే కదా సార్ లైట్‌గా ఆడమన్నారు. నిన్న కూడా లైట్‌గా ఆడాం."

శనివారం అకాడమీ జట్టు మీద హాఫ్ టైమ్‌కి 5–0 ఉంది. అవతలి పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. నేను మా వాళ్ళతో, "చాల్లే, ఇక లైట్‌గా ఆడండి" అన్నాను. జాలితోనే అన్నాను. కానీ నా నోటి నుంచి వచ్చిన ఆదేశం అదే: బలం ఉన్నా వాడకండి. ఎందుకు వాడకూడదో, ఎంతవరకు తగ్గాలో, ఏది మాత్రం తగ్గకూడదో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మర్నాడు పరిస్థితి మారింది, పిల్లలు అదే ఆదేశాన్ని మళ్ళీ వాడుకున్నారు. మొన్నటి లైట్ మంచిదైతే నిన్నటి లైట్ చెడ్డదెలా అవుతుంది సార్ అని వాడు నిజంగానే అడిగాడు. ఎదురు మాట్లాడాలని కాదు, వాడికి తెలియకే.

ఇంకొకడు వాదించాడు: "మేం తొండి ఆడలేదు సార్. చేత్తో ముట్టుకోలేదు, ఎవర్నీ తన్నలేదు, రూలేదీ తప్పలేదు." ఆ మాట నిజమే. గోళీలాటలో తొండి అంటే గీత దాటి వెయ్యడం, వేళ్ళు జరపడం. ఆడకుండా ఉండటం తొండి అవుతుందా? మెట్ల మీద కూర్చున్న పల్లె పిల్లలకు అవుతుందని వెంటనే తెలిసింది. మా వాళ్ళకు తెలియలేదు. నష్టపోయిన వైపు కూర్చున్నవాడికి కనిపించేది మావాళ్ళకి ఎలా చూపించాలా అని రెండు రోజులు ఆలోచించాను.

కీపర్ విషయం వేరు. వాడికి ఎవరూ చెప్పలేదు. కావాలనే చెప్పలేదట. "వాడికి చెప్తే ఒప్పుకోడు సార్, అందుకే." ఆరుగురు కలిసి వాడిని ఆటలో అరటిపండు చేశారు. చిన్నప్పుడు మనం మరీ చిన్నపిల్లల్ని అలా కలుపుకునేవాళ్ళం: ఆడుతున్నామనుకుంటారు, ఔటైనా లెక్కలేదు, పట్టుకున్నా లెక్కలేదు. పన్నెండేళ్ళ పిల్లాడు మోచెయ్యి గీరుకుపోయేలా దూకి ఆపిన బంతికి లెక్క లేకుండా పోయింది. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి చెప్పింది: "ఓడిపోయినందుకు కాదు సార్ వాడి ఏడుపు. వాడొక్కడికే చెప్పలేదని."

పిల్లలతో మాట్లాడిన రోజు

బుధవారం అందరినీ గ్రౌండ్‌లో చెట్టు కింద కూర్చోబెట్టాను. నీతులు చెప్పదలచుకోలేదు. రెండు సంఘటనలు చెప్పాను.

ఒకటి 2012 లండన్ ఒలింపిక్స్. గుత్తా జ్వాల పేరు వాళ్ళకు తెలుసు. ఆ ఏడాదే ఒలింపిక్స్ బ్యాడ్మింటన్‌లో మొదటిసారి గ్రూప్ దశ పెట్టారు. మహిళల డబుల్స్‌లో నాలుగు జోడీలు, చైనా నుంచి ఒకటి, దక్షిణ కొరియా నుంచి రెండు, ఇండోనేషియా నుంచి ఒకటి, నాకౌట్‌లో తేలికైన దారి కోసం సర్వీస్‌లు నెట్‌కి కొట్టి ఓడిపోవడానికి పోటీ పడ్డాయి. ప్రేక్షకులు కోపంతో ఈలలు వేశారు. ఎనిమిది మందినీ టోర్నీ నుంచి తీసేశారు. గెలవడానికి శాయశక్తులా ఆడలేదన్నదే వాళ్ళ మీద మోపిన అభియోగం. వేరే గ్రూపులో జ్వాల, అశ్విని పొన్నప్ప జోడీ ఒక్క పాయింట్ తేడాతో క్వార్టర్స్‌కి దూరమైంది. ఆ గ్రూపు ఆఖరి మ్యాచ్‌లో జపాన్ జోడీ అనుకోకుండా ఓడిపోవడం మన వాళ్ళకు అనుమానం కలిగించింది, ఫిర్యాదు చేశారు, తోసిపుచ్చారు. జపాన్ వాళ్ళు కావాలని ఓడారని రుజువు కాలేదు, ఆ మాట పిల్లలకు రెండు సార్లు చెప్పాను. నేను అడిగింది ఒక్కటే: "ఆ రోజు జ్వాల ఎక్కడ కూర్చుని ఆ స్కోరు చూసి ఉంటుందిరా?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా వింగర్ మెల్లగా, "మెట్ల మీద" అన్నాడు.

రెండోది 1998 టైగర్ కప్, ఆగ్నేయాసియా దేశాల ఫుట్‌బాల్ టోర్నీ. థాయ్‌లాండ్, ఇండోనేషియా రెండూ ఓడిపోవాలనుకున్నాయి. గెలిస్తే సెమీస్‌లో ఆతిథ్య వియత్నాంతో ఆడాలి కాబట్టి. చివరికి ఇండోనేషియా ఆటగాడు ఒకడు సొంత గోల్‌లోకే బంతి తన్నాడు, థాయ్‌లాండ్ డిఫెండర్లు దాన్ని ఆపాలని చూశారు. పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక మిగతాది చెప్పాను. రెండు సంఘాలకూ 40,000 డాలర్ల చొప్పున జరిమానా పడింది. బంతి తన్నిన మనిషికి అంతర్జాతీయ ఆట నుంచి జీవితకాల నిషేధం. సెమీస్‌లో రెండు జట్లూ ఓడిపోయాయి. బంతిని వదిలేసిన మా డిఫెండర్ తల దించుకున్నాడు. వాడి భుజం మీద చెయ్యేసి, ఆ బంతిని నువ్వొక్కడివే వదల్లేదు, నేను కూడా వదిలాను అని చెప్పాను. పట్టిక ముందు నేనన్న మాట, శనివారం నేనన్న మాట, హాఫ్ టైమ్‌లో నేను అడగని ప్రశ్న, మూడూ వాళ్ళ ముందే ఒప్పుకున్నాను.

కీపర్‌కి క్షమాపణ చెప్పమని నేను అడగలేదు. అడిగి చెప్పించిన సారీ పిల్లల దగ్గర నిలవదు. ఇద్దరు ఆ సాయంత్రమే చెప్పారు. ఒకడు రెండు వారాల తర్వాత చెప్పాడు. మిగతా వాళ్ళ సంగతి నాకు తెలియదు.

తల్లిదండ్రులు

ఆదివారం తల్లిదండ్రుల మీటింగ్ వేడిగా జరిగింది. లెక్క వేసిన తండ్రి తప్పించుకోలేదు, నేనే చెప్పానని ముందే ఒప్పుకున్నాడు. తర్వాత నన్ను నిలదీశాడు: "వరల్డ్ కప్‌లో జపాన్ చేసింది ఇదే కదా సార్? 2018లో. ఎవరైనా శిక్షించారా?"

ఆయన చెప్పిన విషయం సరైనదే. పోలెండ్ మీద 0–1తో వెనకబడి ఉండి కూడా జపాన్ ఆఖరి పది నిమిషాలు వెనకే పాస్‌లు ఇచ్చుకుంటూ గడిపింది. అదే గ్రూపులో ఉన్న సెనెగల్‌తో పాయింట్లు, గోల్ డిఫరెన్స్, గోల్స్ అన్నీ సమానం. పసుపు కార్డులు జపాన్‌కి 4, సెనెగల్‌కి 6. ఆ తేడాతోనే జపాన్ ముందుకెళ్ళింది. స్టేడియం అంతా కోపంతో ఈలలు వేసింది, శిక్ష మాత్రం లేదు.

నేను ఆయనకు చెప్పింది ఇది. అదే సమయంలో ఇంకో మైదానంలో సెనెగల్ ఒక్క గోల్ కొట్టి ఉంటే జపాన్ ఇంటికెళ్ళేది. ఆ రిస్క్ వాళ్ళు తమ నెత్తిన పెట్టుకున్నారు, జట్టులో అందరికీ తెలిసే చేశారు. మనవాళ్ళకు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. పోగొట్టుకున్నది మెట్ల మీదున్న పల్లె పిల్లలు, మన గోల్‌లో ఉన్న పిల్లాడు. పైగా అక్కడ ఆడింది ముప్పై ఏళ్ళ మనుషులు. మన పిల్లలకు పన్నెండు. ఈ వయసులో నేను వాళ్ళకు నేర్పాల్సింది బంతి వస్తే కాలు పెట్టడం. ఏ బంతికి కాలు పెట్టాలో, దేనికి పెట్టకూడదో పట్టిక చూసి నిర్ణయించుకోవడం అలవాటైతే, ఆ అలవాటు వాళ్ళ కాళ్ళ నుంచి తీసెయ్యడం నా వల్ల కాదు.

ఆయన ఒప్పుకోలేదు. ఆయన కొడుకు ఇప్పటికీ మా జట్టులోనే ఆడుతున్నాడు, అరటిపళ్ళూ వస్తున్నాయి. ఇంకో ఇద్దరి తల్లిదండ్రులు మాత్రం, కప్పు తెచ్చిన పిల్లల్ని దోషుల్లా నిలబెట్టానని, పిల్లల్ని మాన్పించారు. అందులో ఒకడు మంచి లెఫ్ట్ ఫుటర్. వాడు పోవడం నాకు బాధే.

పల్లె జట్టు సార్

ఆయన నంబర్ నిర్వాహకుల దగ్గర తీసుకుని ఫోన్ చేశాను. నేను సంజాయిషీ మొదలుపెట్టగానే ఆయన ఆపేశాడు. "సార్, మా పిల్లల్లో నలుగురికి బూట్లు లేవు. అడిగి తెచ్చుకుని ఆడారు. బస్ చార్జీలు నేను పెట్టుకున్నాను, దానికేం లేదు. తిరిగొచ్చేటప్పుడు మావాళ్ళు ఒకటే అడిగారు: మనం ఇంకా బాగా ఆడితే వెళ్ళేవాళ్ళమా సార్ అని. ఏం చెప్పమంటారు?"

నా దగ్గర జవాబు లేదు. మీ ఊరొచ్చి మా పిల్లలు ఒక మ్యాచ్ ఆడతారు, ఒప్పుకుంటారా అని అడిగాను. పది రోజుల తర్వాత ఒప్పుకున్నాడు. స్కూల్ గ్రౌండ్‌లో, గేదెలు తిరిగే చోట సున్నంతో గీతలు గీసి ఆడాం. 3–2తో వాళ్ళు గెలిచారు. మా వాళ్ళు శక్తికొద్దీ ఆడారు, ఆ విషయం నేను గుండె మీద చెయ్యేసి చెప్పగలను. అయినా మూడో గోల్ పడ్డాక వాళ్ళ కెప్టెన్ మా డిఫెండర్‌ని, "ఇది నిజంగానే వేశామా, వదిలేశారా?" అని అడిగాడు. మా వాడి మొహం చూడాలి. నేను చెట్టు కింద చెప్పిన రెండు సంఘటనలకంటే ఆ ఒక్క ప్రశ్న వాడికి ఎక్కువ నేర్పింది.

ఇప్పుడు నేను చేసేవి

"లైట్" అనే మాట మా గ్రౌండ్‌లో మానేశాం. నాలుగు గోల్స్ ఆధిక్యం రాగానే నేను పని మారుస్తాను. ఫార్వర్డ్‌లు డిఫెన్స్‌కి, డిఫెండర్లు ముందుకి. బలమైన కాలు కాకుండా రెండో కాలితోనే షాట్. ఆరు పాస్‌లు పూర్తయ్యాకే గోల్ ప్రయత్నం. బెంచ్ మీద ఉన్నవాళ్ళకు ఎక్కువ సమయం. అవతలి కోచ్ ఒప్పుకుంటే మా వైపు ఒకరిని తగ్గిస్తాం. ఇవన్నీ హాఫ్ టైమ్‌లో చెవిలో చెప్పే మాటలు, గీత దగ్గర నిలబడి అరిచే మాటలు కావు. అవతలి పిల్లలకు వినిపిస్తే అది ఎగతాళి అవుతుంది. ఒక్క విషయంలో మాత్రం సడలింపు లేదు: అవతలివాళ్ళ దాడిని ఆపేటప్పుడు పూర్తిగా ఆపాలి. జాలిపడి ఇచ్చిన గోల్‌ను పదేళ్ళ పిల్లాడు వెంటనే పసిగడతాడు. వాడు సంబరం చేసుకోడు, సిగ్గుపడతాడు. 7–0 కంటే అదే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

పట్టిక ముందు నిలబడి పెద్దవాళ్ళు మాట్లాడుకోవడం కూడా మానేశాం. తల్లిదండ్రులకు నేను పెట్టిన నియమం ఇదొక్కటే: పిల్లల ముందు "ఎవరు తగిలితే మంచిది" అనొద్దు.

పిల్లల మనసు ఎంత దిద్దినా, ఓడితే లాభం ఉండేలా ఫిక్చర్ (ఎవరితో ఎవరు, ఎప్పుడు ఆడాలన్న పట్టిక) వేసి వాళ్ళను పరీక్షించడం అన్యాయం. అందుకని ఆగస్టులో గుంటూరులో మేమే పెట్టిన చిన్న టోర్నీలో రెండు మార్పులు చేశాం. గ్రూప్ ఆఖరి మ్యాచ్‌లు రెండూ ఒకే సమయానికి, పక్కపక్క గ్రౌండ్లలో. ఇది కొత్త ఆలోచన కాదు. 1982 వరల్డ్ కప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఉన్న గ్రూపులోనే ఉన్న అల్జీరియా ముందు రోజే తన మ్యాచ్‌లు ముగించింది. స్పెయిన్‌లోని జిజోన్‌లో పశ్చిమ జర్మనీ పదో నిమిషం దగ్గర గోల్ కొట్టాక, 1–0 స్కోరుతో జర్మనీ, ఆస్ట్రియా రెండూ ముందుకెళ్తాయని తెలిసి మిగతా ఆటంతా బంతిని అటూ ఇటూ తిప్పాయి. అల్జీరియా బయటికి పోయింది. తర్వాతి వరల్డ్ కప్ నుంచి గ్రూప్ ఆఖరి మ్యాచ్‌లు ఒకేసారి మొదలవుతున్నాయి. రెండో మార్పు, సెమీస్‌లో ఎవరితో ఎవరన్నది గ్రూప్ మ్యాచ్‌లన్నీ అయ్యాక చీటీలు తీసి నిర్ణయించడం. లండన్ గొడవ తర్వాత ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ డబుల్స్‌లోనూ గ్రూపులో సెకండ్ వచ్చినవాళ్ళకు ప్రత్యర్థిని లాటరీ తీసే పద్ధతి తెచ్చారు.

వీటికి ఖర్చు ఉంది. ఇద్దరు రిఫరీలు అదనంగా కావాలి, రెండో గ్రౌండ్ కావాలి, చీటీలు తీసేదాకా అరగంట అందరూ ఆగాలి. చీటీలు వేస్తే ఫస్ట్ రావడానికి విలువేముందని ఒక కోచ్ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. వచ్చే ఏడాది ఫస్ట్ వచ్చినవాళ్ళు సెమీస్‌కి ముందు ఒక గంట ఎక్కువ విశ్రాంతి తీసుకునేలా టైమ్ టేబుల్ వెయ్యాలనుకుంటున్నాం. అది సరిపోతుందో లేదో చూడాలి. ఆ టోర్నీకి పల్లె జట్టును పిలిచాం. వచ్చారు, ఈసారి బూట్లు అందరికీ ఉన్నాయి.

మా కీపర్ ఇప్పుడు అండర్-14 ఆడుతున్నాడు. గ్రూప్ ఆఖరి మ్యాచ్‌కి ముందు, గ్లవ్స్ తొడుక్కుంటూ నా దగ్గరికొచ్చి ఇప్పటికీ ఒకటే అడుగుతాడు: "అందరికీ ఒకటే చెప్పారా సార్?" చెప్పానని వాడొక్కడితో అని ఊరుకోను. అందర్నీ పిలిచి, వాడిని మధ్యలో నిలబెట్టి, మళ్ళీ మొదటి నుంచి చెప్తాను.